రాష్ట్రానికి ఆడిన మేష్టారి దగ్గర బాస్కెట్‌బాల్ శిక్షణ: పిల్లల్ని చేర్చొచ్చా?

అమలాపురం దగ్గర సాయంత్రం పూట జరిగే ఈ శిక్షణ గురించి, మా అమ్మాయిని చేర్చిన దగ్గర్నుంచీ అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. "మేష్టారు రాష్ట్రం తరఫున ఆడారంట కదండీ, అంత ఆటగాడు చిన్నపిల్లలకి నేర్పుతారంటారా?" అని. నేర్పుతారండీ, చేర్చండి. అయితే ఆయన ఆట ఒక్కటే చూసుకుని చేర్చకండి. ఆయన పక్కన ఒక పీఈటీ టీచరుగారు ఉన్నారు, ఆవిణ్ణి కూడా చూడండి.

మా పిల్లకి పదకొండేళ్ళు. లేఅప్ దగ్గర, అంటే పరుగున వెళ్ళి రింగు దగ్గర ఎగిరి బంతి వేసే చోట, ఇరుక్కుపోయింది. కుడిచేత్తో వేసేవాళ్ళు బంతి అందుకున్నాక కుడికాలు, ఆ తర్వాత ఎడమకాలు వేసి, ఎడమకాలి మీద లేవాలి. దీనికేమో రెండూ తారుమారు. మేష్టారు "ఇలాగమ్మా" అంటూ వెళ్ళి వేసి చూపించారు. ఈ వయసులోనూ బంతి బోర్డుకి తగిలి తిన్నగా వలలో పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మళ్ళీ వేశారు, మళ్ళీ చప్పట్లు. ఒక్కరికీ అడుగు అర్థం కాలేదు. ఆయన కాళ్ళకి అది ఎప్పుడో అబ్బేసింది. ఏ కాలు ముందో ఆలోచించాల్సిన పని ఆయనకి పడి ఎన్నేళ్ళయిందో.

అప్పుడు టీచరుగారు ముగ్గుపిండి తెచ్చి సిమెంటు నేల మీద పాదాలు గీశారు. కుడిది, కాస్త ముందుకి ఎడమది. "బంతి అక్కడ పెట్టెయ్యమ్మా. ఊరికే నడువు. కుడి, ఎడమ, ఎగురు." నడక కుదిరాక పరుగు, పరుగు కుదిరాకే బంతి చేతికిచ్చారు. చీకటి పడే వేళకి ముగ్గు చెరిగిపోయింది, మా పిల్లకి అడుగు పట్టుబడింది. మేష్టారు పక్కనే నిలబడి అంతా చూశారు, మధ్యలో అడ్డం రాలేదు. మర్నాటి నుంచి చిన్నవాళ్ళ అడుగుల పని మొత్తం ఆవిడకే అప్పగించేశారు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

తెల్లారగట్ల ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటలు చూసే అలవాటు నాది, అందుకని ఒకప్పటి గొప్ప ఆటగాడు లారీ బర్డ్ గుర్తొచ్చాడు. 1997లో ఇండియానా పేసర్స్ జట్టుకి హెడ్ కోచ్‌గా వెళ్ళేనాటికి ఆయనకి కోచింగ్ అనుభవం లేదు. డిఫెన్స్ డిక్ హార్టర్‌కీ, అఫెన్స్ రిక్ కార్లైల్‌కీ, అంటే తన సహాయ కోచ్‌లకే, వదిలేశాడు. మొదటి సీజనులోనే కోచ్ ఆఫ్ ది ఇయర్, 2000లో జట్టు ఫైనల్స్‌కి చేరింది. మ్యాజిక్ జాన్సన్ ఆటగాడిగా 5 టైటిళ్ళు గెలిచినవాడు. 1994లో లేకర్స్ కోచ్‌గా 16 ఆటలు చూసి, 5 గెలిచి, 11 ఓడి తప్పుకున్నాడు. ఆ జట్టు అప్పటికే బలహీనం, నింద అంతా ఆయన మీద వెయ్యకూడదు. ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడని గ్రెగ్ పోపోవిచ్ కోచ్‌గా స్పర్స్ జట్టుకి 5 టైటిళ్ళు తెచ్చాడు. ఇది చూపించి, గొప్ప ఆటగాళ్ళకి నేర్పడం రాదనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. గొప్ప ఆటగాడు బిల్ రస్సెల్ సెల్టిక్స్ జట్టుకి ఆడుతూనే కోచ్‌గా 1968, 1969 టైటిళ్ళు గెలిపించాడు కదా.

మా మేష్టారి విలువ కూడా పెద్దపిల్లల ఆటలో తెలుస్తుంది. ఒకరోజు ఆట ఆపించి, ఒక కుర్రాణ్ణి పిలిచి, "బాబూ, పాస్ ఎటు ఇస్తావో నీ కళ్ళే ముందు చెప్పేస్తున్నాయి" అన్నారు. అతన్ని కాపు కాస్తున్నవాడితో, "బంతి వంక చూడకు, వాడి నడుం వంక చూడు. చేతులూ తలా మోసం చేస్తాయి, నడుం చెయ్యలేదు" అన్నారు. ఆ తర్వాత ఆ కుర్రాడు ఎంత ఊరించినా రెండోవాడు కదల్లేదు. ఎన్నో మ్యాచ్‌ల్లో దెబ్బ తిన్న మనిషికి తప్ప ఇంకొకరికి ఆ మాట తట్టదు. పదిహేను, పదహారేళ్ళ మగపిల్లలు నోరెత్తకుండా వింటారంటే అందుకే.

లోట్లూ ఉన్నాయి. శనివారం టీచరుగారు రారు. ఆ రోజు చిన్నవాళ్ళు వరసలో నిలబడి మేష్టారి షాట్లు చూడటమే ఎక్కువ. పిల్లల కోసం 2.60 మీటర్ల ఎత్తుకి దించిన రింగు ఒక్కటే ఉంది, మిగతావన్నీ 3.05 మీటర్లవే. చిన్నపిల్లల సైజు అయిదో నంబరు బంతులు చాలవు. దాంతో కొందరు పసివాళ్ళు పెద్దవాళ్ళ ఏడో నంబరు బంతిని రెండు చేతులతో పొట్ట దగ్గర్నుంచి విసురుతున్నారు, ఆ అలవాటు తర్వాత మాన్పించడం చాలా కష్టం. చలికాలంలో పొద్దుపోయాక మంచుకి నేల జారుతుంది, మంచి బూట్లు కొనండి.

నెలకి వెయ్యి రూపాయలు. పెద్దపిల్లలకి అది తక్కువే. పన్నెండేళ్ళ లోపు వాళ్ళయితే శుక్రవారం దాకా పంపితే చాలు. శనివారం కూడా టీచరుగారిని రప్పించమని మేష్టారినే అడిగాను. వచ్చే నెల నుంచి చూస్తానన్నారు.