హలీస్కోలో మంచి టెకీలా వెతుక్కుంటూ

మెక్సికోలో హలీస్కో రాష్ట్ర రాజధాని గ్వాదలహారా దాకా వెళ్లి, టెకీలా అనే ఊరికి ఒక్కపూట టూర్ బుక్ చేసుకుని తిరిగొచ్చేస్తే ఫొటోలు బాగానే వస్తాయి, టెకీలా అనే మద్యం గురించి మాత్రం పెద్దగా తెలియదు. డాలస్ నుంచి స్నేహితులం కొంతమందిమి కలిసి మెక్సికో వెళ్లింది దాని సంగతేంటో తెలుసుకోవాలనే. షాపులో నిలబడితే ఏది మంచి సీసానో, దేనికి డబ్బు దండగో ఎవర్నీ అడక్కుండా మనమే తేల్చుకోగలగాలి. ఎక్కడ దిగాలి, ఏ డిస్టిల్లరీ చూడాలి, ఏ టూర్ వదిలేయాలి అన్నవన్నీ ఆ లెక్కలోనే చూశాం.

ముందు ప్రయాణం సంగతి. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. డాలస్ నుంచి గ్వాదలహారాకి నేరుగా విమానాలున్నాయి, దాదాపు మూడు గంటల ప్రయాణం. జూన్ నుంచి అక్టోబర్ దాకా అక్కడ వానలు. పొలాలు, మట్టిదారులు తిరగాలంటే నవంబర్ తర్వాత వెళ్లడం మేలు.

అక్కడికి వెళ్లేముందే సీసా మీద రాతలు చదవడం నేర్చుకుంటే ప్రతి టూరూ రెట్టింపు ఉపయోగపడుతుంది. మొట్టమొదట చూడాల్సింది '100% దె అగావే' అన్న మాట. అగావే అంటే టెకీలా తీసే మొక్క, మన కిత్తనార కోవది. అది లేకుండా ఒట్టి 'టెకీలా' అని మాత్రమే ఉంటే, అందులో నీలి అగావే చక్కెర 51 శాతమే ఉండొచ్చు, మిగతాది చెరకు నుంచో మొక్కజొన్న నుంచో తెచ్చిన చక్కెర కావచ్చు. దాన్ని 'మిక్స్టో' అంటారు. పబ్బుల్లో ఉప్పు, నిమ్మచెక్కతో గొంతులో పోసుకునే బంగారు రంగు షాట్లు చాలావరకు ఇవే. వాటిని తాగి 'టెకీలా నాకు పడదు' అని తేల్చేసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకి అసలు టెకీలా ఇంకా అందనేలేదు.

రెండోది 'నోమ్' అనే నాలుగంకెల నంబరు. ప్రతి సీసా మీదా ఉంటుంది. బ్రాండ్ పేరు ఏదైనా, సరుకు ఏ డిస్టిల్లరీలో తయారైందో ఈ నంబరే చెబుతుంది. ఒకే నంబరు కింద పదుల కొద్దీ బ్రాండ్లు ఉండటం మామూలే. అందమైన సీసా, సినిమా స్టార్ పేరు, భారీ ధర ఉన్న బ్రాండు కూడా ఎవరి ఫ్యాక్టరీలోనో ఆర్డర్ మీద చేయించినదే కావచ్చు. అలాగని ఒకే నంబరు మీద ఎక్కువ బ్రాండ్లుంటే అది చెడ్డదనీ కాదు. 1139 అన్న నంబరు అరాందాస్ ఊరి దగ్గరున్న లా అల్తేన్యా డిస్టిల్లరీది. ఎల్ తెసోరో, తపతీయో రెండూ అక్కడివే, రెండూ మంచివే. నంబరు తెలిస్తే ఆ డిస్టిల్లరీ అగావేని ఎలా ఉడికిస్తుంది, రసం ఎలా తీస్తుంది అని వెతుక్కోవచ్చు. అసలు నాణ్యత తేలేది అక్కడే.

ఇక బస. గ్వాదలహారాలో దిగితే కొలోనియా అమెరికానా అన్న పేటలో ఉండమంటాను. చెట్ల నీడ, నడిచి వెళ్లగలిగే బార్లు, రెస్టారెంట్లు, రాత్రి పొద్దుపోయాక కూడా జనసంచారం. చారిత్రక సెంటర్‌లో హోటళ్లు చవకే గానీ రాత్రి తొందరగా సద్దుమణుగుతుంది. త్లాకెపాకె అందమైన చోటు, కుండలు, హస్తకళల దుకాణాలు ఉన్న పేట. అక్కడ ఒక పూట గడిపితే చాలు.

టెకీలా ఊరు గ్వాదలహారాకి వాయవ్యంగా 60 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ కనీసం ఒక రాత్రైనా ఉండాలి, అదీ వారం మధ్యలో. శనివారం, ఆదివారం టూరిస్టు బస్సులు, బ్యాండ్లు, మట్టి ముంతల్లో కలిపి అమ్మే కంతరీతో అనే టెకీలా పానీయాలతో ఊరంతా జాతరైపోతుంది. అదీ సరదాయే, కానీ డిస్టిల్లరీలో గైడు చెప్పేది వినడానికి ఆ రోజులు పనికిరావు. మంగళ, బుధవారాల్లో సాయంత్రం టూరిస్టులు వెళ్లిపోయాక వీధుల్లో ఉడికిన అగావే వాసన గాలిలోనే తెలుస్తుంది. ఖర్చుకి వెనకాడనివాళ్లకి ఊరి నడిబొడ్డు ప్లాజాని ఆనుకుని సోలార్ దె లాస్ ఆనిమాస్ హోటల్ ఉంది, పైన టెర్రస్ మీద నుంచి చర్చి, టెకీలా అగ్నిపర్వతం కనిపిస్తాయి. ఊరి చివర లా కొఫ్రదీయా డిస్టిల్లరీ ఆవరణలో, అగావే తోట మధ్య పీపాల ఆకారంలో కట్టిన గదులున్నాయి. కొత్త జంటలకి, ఫొటోల మోజున్నవాళ్లకి అది సరైన చోటు. ఊళ్లో తిరుగుతూ గడపాలనుకునేవాళ్లకి ప్లాజా వెనక వీధుల్లో కుటుంబాలు నడిపే చిన్న పోసాదాలే (సత్రాల్లాంటి బసలు) హాయి. మాకు దొరికిన పోసాదాలో గది చిన్నదే. కానీ మంచం శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, పొద్దున్నే ఆ ఇంటావిడ కాఫీ, తీపి రొట్టె పెట్టింది. అంతకన్నా ఏం కావాలి?

శాకాహారులు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ ప్రాంతంలో ఉడికించిన బీన్స్‌ని చాలాచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు. 'సిన్ మంతేకా', అంటే పంది కొవ్వు లేకుండా, అని ముందే అడగాలి. మాంసం తినేవాళ్లకి ఏ బెంగా లేదు, మేకమాంసంతో చేసే బిర్రియా మన ఘాటుకి దగ్గరగానే ఉంటుంది.

గ్వాదలహారాలో వీధి మీద టూర్లు అమ్మేవాళ్లతో జాగ్రత్త. చవగ్గా వస్తోందని మేం ఎక్కిన ఒక వ్యాన్ దారిలో 'ఫ్యాక్టరీ' అంటూ ఒక పెద్ద షెడ్డు దగ్గర ఆపింది. మూలన నాలుగు అగావే దుంపలు, పక్కన పని చేయని ఓవెన్, మిగతాదంతా దుకాణమే. బాదం, కాఫీ, మామిడి రుచుల్లో తియ్యటి లిక్కర్లు చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ఒకదాని తర్వాత ఒకటి పోసి, నాలుక మొద్దుబారాక సీసాలు చేతికిచ్చారు. అక్కడి నుంచి అసలు ఊరికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఏ టూరైనా డబ్బు కట్టేముందు 'ఏ డిస్టిల్లరీ, దాని నోమ్ ఎంత' అని అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి. వారాంతాల్లో నడిచే హొసే క్వెర్వో ఎక్స్‌ప్రెస్ రైలు వేరే కోవ. పెద్ద గుంపుగా వెళ్లి పాటలు, పానీయాలు, కిటికీలోంచి నీలి పొలాలు చూస్తూ గడపాలనుకుంటే ఆ రైలు చక్కగా ఉంటుంది. రుచి నేర్చుకునే రోజుని మాత్రం దానికి ముడిపెట్టకండి. డిస్టిల్లరీ చేరేలోపే కాక్‌టెయిల్స్ కడుపులో ఉంటే అక్కడ ఏం తేడా తెలుస్తుంది?

ఊళ్లో లా రొహేన్యా డిస్టిల్లరీ హొసే క్వెర్వో కంపెనీ వాళ్లది, చాలా పాతది, చాలా పెద్దది. ఇంగ్లీష్‌లో టూర్లున్నాయి, ఏర్పాట్లు పక్కాగా ఉంటాయి. మొదటిసారి వచ్చినవాళ్లకి మొత్తం క్రమం అర్థం కావడానికి అది చాలు. దగ్గర్లోని అమాటిటాన్‌లో ఎర్రదూరా కంపెనీ వాళ్ల హసియెందా (పాతకాలపు ఎస్టేటు) కూడా తప్పక చూడాలి. కొత్త ఫ్యాక్టరీ పక్కనే పాత ఫ్యాక్టరీని యథాతథంగా ఉంచారు. ఈ పొలాలు, పాత కట్టడాలు అన్నీ కలిపి 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఎందుకు చేరాయో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

నా మనసు దోచుకున్నది మాత్రం ఫోర్తలేసా. చిన్న డిస్టిల్లరీ, టూరుకి చాలా ముందే బుక్ చేసుకోవాలి. టెకీలా వ్యాపారంలో పేరున్న సౌజా వంశంలో అయిదో తరం మనిషి, కుటుంబం తమ పెద్ద కంపెనీని అమ్మేసుకున్నాక మిగిలిన పాత కర్మాగారాన్ని మళ్లీ నడిపించారు. అక్కడ పని అంతా కళ్ల ముందే జరుగుతుంది. అయిదారేళ్లకి పైగా పెరిగిన అగావేని హిమదోర్లు అనే కోత కూలీలు కోవా అనే గుండ్రటి పదునుపారతో ఆకులన్నీ చెక్కేస్తే మిగిలే దుంప పిన్యా. దాన్ని ఇటుకల ఓవెన్‌లో పేర్చి ఆవిరి మీద రోజుల తరబడి నెమ్మదిగా ఉడికిస్తారు. తలుపు తెరిచాక ఒక ముక్క చేతికిచ్చారు. ముదురు గోధుమరంగు, వేళ్లకి అంటుకునే జిగురు, పొడుగాటి పీచు. నమిలి రసం మింగి పిప్పి ఉమ్మేయాలి. నిప్పుల్లో కాల్చిన చిలగడదుంపని బెల్లం పాకంలో ముంచినట్టుంది. ఆ రుచిని నాలుక మీద దాచుకోండి. ఇక ఆ తర్వాత ఏ టెకీలా తాగినా ముందు వెతకాల్సింది దాన్నే. ఆ ఉడికిన అగావే రుచి గ్లాసులో దొరకలేదంటే, ఆ సీసా ఎంత ఖరీదైనా నాకు అక్కర్లేదు.

ఉడికిన పిన్యాని అక్కడ తహోనా అనే పెద్ద రాతి చక్రం కింద నలుపుతారు. పీచు, రసం కలిసి నలిగి, చెక్క తొట్టెల్లో పులిసి, రాగి పాత్రల్లో రెండుసార్లు కాగుతుంది. మొదట వచ్చేదీ చివర వచ్చేదీ తీసేసి మధ్యదే ఉంచుకుంటారు. ఆ మధ్యదాన్ని వాళ్లు 'కొరసోన్', అంటే గుండె అంటారు. పెద్ద ఫ్యాక్టరీల్లో చాలావరకు ఆటోక్లేవ్‌లు వాడతారు, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్లు, పని గంటల్లో అయిపోతుంది. ఆటోక్లేవ్‌లో చేసినా శ్రద్ధ ఉంటే సరుకు బాగానే వస్తుంది. డిఫ్యూజర్ అన్నది మాత్రం వేరు. పచ్చి దుంపని చీల్చి వేడినీళ్లతో చక్కెరంతా గుంజేస్తారు. దిగుబడి ఎక్కువ, రుచి పల్చన. గైడుని నేరుగా అడగొచ్చు: 'ఓర్నో (ఇటుకల ఓవెన్)? ఆటోక్లేవ్? దిఫుసోర్ (డిఫ్యూజర్)?' ఈ మూడు మాటలకి స్పానిష్ పెద్దగా రావక్కర్లేదు.

రుచి చూడటం కూడా అక్కడే నేర్పారు. వరుస ఎప్పుడూ బ్లాంకోతోనే మొదలు. పీపా మొహం చూడని టెకీలా అది, అందులో ఏ లోపమూ దాగదు. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఐస్ వేయకూడదు, ఉప్పు, నిమ్మ పక్కన పెట్టేయాలి. సన్నగా పొడుగ్గా ఉన్న వైన్ గ్లాసులాంటిదాంట్లో పోసి, ముక్కుని మరీ లోపలికి దూర్చకుండా అంచు దగ్గర వాసన చూడాలి. మిరియం, నిమ్మతొక్క, పచ్చిగడ్డి, తడిమట్టి, ఇలా ఒక్కొక్కటీ విడివిడిగా వస్తాయి. తర్వాత చిన్న గుక్క, నోరంతా తిప్పి నెమ్మదిగా మింగడం. రెండు చుక్కలు అరచేతుల్లో రుద్ది ఆల్కహాల్ ఆవిరయ్యాక వాసన చూస్తే ఉడికిన అగావే మిగలాలి. అక్కడ వెనీలా ఎసెన్స్, కేకు క్రీము వాసన గుప్పుమంటే అనుమానించండి. గ్లిజరిన్, కారమెల్, ఓక్ సారం, చక్కెర సిరప్ లాంటివి 1 శాతం దాకా కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, అంతవరకూ లేబుల్ మీద రాయక్కర్లేదు. ఆ ఒక్క శాతమే రుచి మొత్తాన్ని మార్చేయగలదు.

రెపొసాడో కనీసం 2 నెలలు పీపాలో ఉంటుంది, అన్యేహో ఏడాది, ఎక్స్‌ట్రా అన్యేహో 3 ఏళ్లు. విస్కీ అలవాటున్న మనవాళ్లందరూ నేరుగా అన్యేహో దగ్గరికి వెళ్తారు, మా వాళ్లూ అదే చేశారు. నేనైతే రెపొసాడో దగ్గర ఆగమంటాను. చెక్క రుచీ ఉంటుంది, అగావే కూడా పోదు. ఎక్కువ కాలం పీపాలో ఉంటే ఎక్కువ మంచిదన్న లెక్క ఇక్కడ కుదరదు. ఈ మధ్య అందరూ మోజుపడే క్రిస్టలీనో అంటే పీపాలో ఉంచినదాన్ని బొగ్గుతో వడకట్టి రంగు తీసేసినది. నున్నగా దిగుతుంది నిజమే, వడకట్టడంలో రంగుతో పాటు రుచి కూడా కొంత పోతుంది. నేను దానికి డబ్బు పెట్టను.

సాయంత్రం ఊళ్లో లా కపియా అనే చిన్న కాంటీనాకి (బారుకి) వెళ్లండి. టెకీలా, కోలా, నిమ్మరసం, అంచున ఉప్పు వేసి కత్తితో కలిపే బతాంగా అనే పానీయం పుట్టిన చోటు అది. దాన్ని కనిపెట్టిన దోన్ హవియెర్ 2020లో పోయారు, కత్తితో కలిపే పద్ధతి అలాగే ఉంది.

సమయం ఉన్నవాళ్లు గ్వాదలహారాకి తూర్పున రెండు గంటల దూరంలో లాస్ ఆల్తోస్ ఎత్తుభూములకి కూడా వెళ్లాలి. ఎర్రమట్టి, చల్లటి గాలి, అనంతపురం వైపు వెళ్లినట్టే అనిపించింది. అతోతొనిల్కోలో సియెతే లేగ్వాస్ వాళ్లు ఇప్పటికీ ఒక ఫ్యాక్టరీలో కంచర గాడిదలతో తహోనా తిప్పిస్తారు. ఇక్కడి టెకీలా కాస్త తియ్యగా, పూల వాసనతో ఉంటుందనీ, టెకీలా ఊరున్న లోయది మట్టి, ఆకుల వాసనతో ఉంటుందనీ అంటారు. మేం తాగినంతలో అది చాలావరకు నిజమే అనిపించినా, ఊరికన్నా ఉడికించే పద్ధతే ఎక్కువ తేడా తెస్తుంది. ఈ వైపు హోటళ్లు సాదాసీదా, ఇంగ్లీష్ తక్కువ, డిస్టిల్లరీలకి ముందే మెయిల్ పెట్టుకోవాలి. ఒక గ్వాదలహారా డ్రైవర్‌ని రోజంతటికీ మాట్లాడుకున్నాం, మొత్తం ట్రిప్పులో బాగా పెట్టిన ఖర్చు అదే. తాగి బండి నడిపే ఆలోచనే పెట్టుకోవద్దు.

అనంతపురం అన్నాను కాబట్టి ఇంకో మాట. దక్కన్‌లో పెరిగే కిత్తనారతో మన ఆంధ్రప్రదేశ్‌లో డెస్మండ్‌జీ అనే అగావే స్పిరిట్ తయారవుతోంది, 2011లో గోవాలో అమ్మకానికి వచ్చింది. అది వేరే జాతి మొక్క, పైగా టెకీలా అన్న పేరు హలీస్కో రాష్ట్రానికీ, మరి నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాలకే చెందుతుంది. పేరు వాడకపోయినా ప్రయత్నం గౌరవించదగ్గది.

కొనుగోళ్లకి డిస్టిల్లరీ దుకాణంలో బయట సులువుగా దొరకని ప్రత్యేకమైనవి మాత్రం తీసుకోండి. ఫోర్తలేసా స్టిల్ స్ట్రెంత్ లాంటిది, 46 శాతం, దొరికితే వదలొద్దు. మామూలు సీసాలు గ్వాదలహారా సూపర్‌మార్కెట్‌లో మాకు తక్కువకే వచ్చాయి. మూత దగ్గర ప్రభుత్వ పన్ను స్టిక్కర్ ఉందో లేదో చూసి, దాని మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. విమానంలో చెకిన్ బ్యాగులోనే పెట్టాలి, బట్టల మధ్య చుట్టి. ఇండియాకి తెచ్చేవాళ్లకి తలకి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు. ఆ రెండు లీటర్లలో ఒకటి లోయ వైపు బ్లాంకో, ఇంకొకటి ఎత్తుభూముల రెపొసాడో తెచ్చుకుంటే, ఇంట్లో పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.