మోర్‌మోర్ ఇంట్లో క్రిస్మస్: నార్వేలో పన్నెండు రోజులు

డిసెంబర్ మొదలయ్యేసరికి ట్రోండ్‌హైమ్‌లోని మా స్టూడెంట్ హౌసింగ్‌లో అందరి నోటా ఒకటే మాట, సెలవులకు ఎక్కడికి అని. యూరప్ పిల్లలు చవక టికెట్లు కొనుక్కుని ఇళ్లకు వెళ్లిపోతున్నారు. నాకు గుంటూరు వెళ్లి రావాలంటే టికెట్లకే లక్ష దాటుతోంది, పైగా జనవరి మొదటి వారంలోనే క్లాసులు. అందుకని నార్వేలోనే ఉండిపోయాను. నా ముందు రెండు దారులున్నాయి. స్నేహితులతో కలిసి ట్రోమ్సో వెళ్లి ఉత్తర ధ్రువ కాంతులు చూడటం ఒకటి. మా హోస్ట్ ఫ్యామిలీ, అంటే నన్ను అప్పుడప్పుడు తమ ఇంటికి పిలిచే ఇక్కడి కుటుంబం, పిలిచినట్టు వాళ్లతో రోరోస్ అనే కొండ ఊరికి వెళ్లడం రెండోది. ఆ కాంతుల సీజన్ మార్చి దాకా ఉంటుంది. ఒక నార్వే ఇంట్లో క్రిస్మస్ మాత్రం ఈ వారంలోనే దొరుకుతుంది. అందుకే రోరోస్‌కే వెళ్లాను. ఎక్స్చేంజ్ మీద వచ్చిన తెలుగు పిల్లలు నన్ను అడిగితే ఇదే చెబుతాను.

మా హోస్ట్ ఫ్యామిలీ ఉండేది ట్రోండ్‌హైమ్‌లోనే. భార్యాభర్తలు, పదేళ్లలోపు పిల్లలు ఇద్దరు. సెప్టెంబర్ నుంచి నెలకోసారి భోజనానికి పిలిచేవారు. ఇక్కడ పెద్దవాళ్లను కూడా పేరు పెట్టే పిలుస్తారు. మా అమ్మ వయసున్న ఆవిడను పేరు పెట్టి పిలవడానికి నాకు రెండు నెలలు పట్టింది. క్రిస్మస్‌కు వాళ్లు ఆవిడ పుట్టింటికి వెళతారు. పిల్లలు అక్కడి అమ్మమ్మను 'మోర్‌మోర్' అంటారు. నార్వే భాషలో మోర్ అంటే అమ్మ, మోర్‌మోర్ అంటే అమ్మకు అమ్మ. నాన్నకు అమ్మ అయితే ఫార్‌మోర్. మన అమ్మమ్మ, నానమ్మ ఎలా పుట్టాయో అవీ అలాగే పుట్టాయి. ఆ అమ్మమ్మను నేనూ మోర్‌మోర్ అనే పిలుస్తానన్నాను, ఒప్పుకున్నారు.

నాకు పరీక్ష ఉండటంతో వాళ్లు ముందే కారులో వెళ్లారు, నేను 22న రైలెక్కాను. ట్రోండ్‌హైమ్ నుంచి రోరోస్‌కు దాదాపు రెండున్నర గంటలు. దారిలో ఎక్కువ భాగం కరెంటు లైను లేదు, అందుకే డీజిల్ రైలు. స్టోరెన్ స్టేషన్ దాటాక గౌలా నది పక్కనే లోయలో ఎక్కుతూ పోతుంది. రైలు శుభ్రంగా, వెచ్చగా ఉంది, నిమిషం తేడా లేకుండా చేరింది. అయితే రోజుకు రైళ్లు చాలా తక్కువ. ఎన్‌టూర్ అనే యాప్‌లో దేశంలోని రైళ్లు, బస్సుల వేళలన్నీ ఒకేచోట కనిపిస్తాయి, అందులో చూసి కొన్ని వారాల ముందే కొనుక్కుంటే చవక. పగటి రైలే ఎక్కండి. డిసెంబర్ చివర్లో ఆ ప్రాంతంలో ఉదయం పది దగ్గర సూర్యోదయం, మధ్యాహ్నం రెండున్నర దాటితే సూర్యాస్తమయం. చీకట్లో వెళితే కిటికీలో మన ముఖం తప్ప ఏమీ కనపడదు.

రోరోస్ రాగి గనుల ఊరు. 1644లో ఇక్కడ రాగి పని మొదలైంది, 1977లో కంపెనీ మూతపడింది. మధ్యలో మూడు వందల ఏళ్లకు పైగా గనివాళ్లు కట్టుకున్న చెక్క ఇళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, వాటిలో జనం కాపురం ఉంటున్నారు. 1980లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంటుంది, చలికి పేరు మోసిన ఊరు. 1914 జనవరిలో ఇక్కడ మైనస్ 50 డిగ్రీలు దాటింది. నేను దిగిన రోజు మైనస్ 19. ముక్కులోపల తడి గడ్డకట్టడం మొదటిసారి తెలిసింది. కాటన్ బనియన్ వేసుకుని వెళ్లకండి, చెమట పడితే అది ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. ఒంటికి ఆనుకుని ఉన్ని బట్టలు ఉండాలి. మా హోస్ట్ ఆవిడ తన ఉన్ని ఇన్నర్లు ఒక జత ఇచ్చింది, పన్నెండు రోజులూ నన్ను కాపాడింది అదే.

మోర్‌మోర్ ఇల్లు దుంగలతో కట్టిన పాత ఇల్లు. చెప్పులు, బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి, ఈ విషయంలో మనకు కొత్తేమీ లేదు. నాకు పై అంతస్తులో చిన్న గది ఇచ్చారు. బాత్రూంలో నేల కింద వేడి ఉంటుంది, అడుగు పెడితే హాయి. ఇబ్బంది పెట్టింది ఒక్కటే. వీళ్లు పడకగదిని చల్లగా ఉంచుకుని, కిటికీ కాస్త తెరిచి పడుకుంటారు. మొదటి రాత్రి మొహమాటానికి ఊరుకుని నిద్ర లేక అవస్థపడ్డాను. పొద్దున్న చెబితే, "రాత్రే చెప్పాల్సింది కదా" అని కిటికీ మూసి, హీటర్ ఎలా పెంచాలో చూపించారు. ఇక్కడ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అడగకపోతే మాత్రం మనకు సరిపోయిందనే అనుకుంటారు.

23వ తేదీని వీళ్లు చిన్న క్రిస్మస్ ఈవ్ అంటారు. ఆ సాయంత్రం చెట్టు అలంకరించారు. చిన్న చిన్న నార్వే జెండాల దండ కూడా చెట్టుకు చుట్టారు. పండుగకు ఏడు రకాల బిస్కెట్లు చేయడం పాత ఆచారం. మోర్‌మోర్ ఆరు రకాలు ముందే డబ్బాల్లో పెట్టి, ఏడోది మనవలతో చేయించాలని ఆపింది. ఆవిడ సొరుగులోంచి పొడవు కాడ ఉన్న ఇనుప అచ్చు తీయగానే నేను అలాగే నిలబడిపోయాను. మన గులాబీ పువ్వుల అచ్చు! డిసెంబర్ 20 దాటితే గుంటూరులో మా అమ్మ, పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని తీసేవి ఇవే. వీళ్లు రొసెట్‌బాకెల్స్ అంటారు. పిండిలో వీళ్లు మైదా, గుడ్లు, పాలు కలుపుతారు. మేం బియ్యప్పిండి, కొబ్బరిపాలు, నువ్వులు కలుపుతాం. పనితనం మాత్రం ఒక్కటే. అచ్చును ముందు నూనెలో బాగా కాగనివ్వాలి, పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి, పైదాకా ముంచితే పువ్వు ఊడిరాదు. ఈ మాట మోర్‌మోర్ నార్వే భాషలో పిల్లలకు చెబుతుంటే, ఒక్క ముక్క అనువదించకుండానే నాకు అర్థమైంది. అచ్చు నా చేతికి ఇచ్చింది. మూడో పువ్వు నుంచి సరిగ్గా వచ్చాయి. వీడియో కాల్‌లో అమ్మకు చూపిస్తే, "నూనె ఇంకాస్త కాగాలమ్మా, రంగు చూడు" అంది. అది మోర్‌మోర్‌కు చెబితే మంట పెంచింది.

24వ తేదీ అసలు పండుగ. మధ్యాహ్నం బియ్యం పాలల్లో ఉడికించిన జావ పెట్టారు, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి, మధ్యలో వెన్న. పరమాన్నానికి దగ్గర చుట్టం, తీపి మాత్రం మనమే వేసుకోవాలి. అందులో ఒక్క బాదం పప్పు దాచి ఉంచుతారు, ఎవరి గిన్నెలో వస్తే వాళ్లకు బాదం ముద్దతో చేసిన పంది బొమ్మ బహుమతి. అది చిన్నవాడికి దక్కింది.

తర్వాత చర్చికి వెళ్లాం. రోరోస్ చర్చి 1784 నాటిది, రాతి కట్టడం, ఎనిమిది మూలలు, సుమారు 1600 మంది పడతారు. గోపురం మీద రాగి కంపెనీ గుర్తు, గని సుత్తులు. లోపల బల్లపీఠానికి పైన ప్రసంగ వేదిక ఉంటుంది, అలా కట్టినది నేను ఎక్కడా చూడలేదు. నేను పెరిగింది గుంటూరు లూథరన్ సంఘంలో. 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చి మొదలుపెట్టిన సంఘం మాది. నార్వే 1537లోనే లూథరన్ అయింది. భాష రాకపోయినా ఆరాధన క్రమంలో ఎక్కడ లేవాలో, ఎక్కడ ప్రభువు ప్రార్థన వస్తుందో తెలిసిపోయింది. మా సంఘంలో డిసెంబర్ 24 రాత్రి పాడే పాట రాగమే అక్కడా వినిపించింది. నేను తెలుగులో పాడాను. పక్కనున్న మోర్‌మోర్ నా చేయి పట్టుకుంది, పాట అయిపోయే దాకా వదల్లేదు.

బయటికి వస్తే శ్మశానంలో మంచు మీద వందల దీపాలు. క్రిస్మస్ ఈవ్‌న తమవాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టడం ఇక్కడి అలవాటు. మోర్‌మోర్ భర్త సమాధి దగ్గర పిల్లలే దీపం వెలిగించారు. మనకు సమాధుల పండుగ నవంబర్‌లో వస్తుంది, ఆ రోజు తాతయ్య దగ్గర నేను లేనన్న దిగులు ఇక్కడ కాస్త తీరింది. ఐదు గంటలకు గంటలు మోగాయి. అంతే, ఇక ఊరంతా ఇళ్లలోకి వెళ్లిపోయింది. వీధిలో ఒక్క మనిషి లేడు. ప్రతి కిటికీలో కాగితపు నక్షత్రం, ఏడు దీపాల స్టాండు. మన దగ్గర నక్షత్రం మేడ మీద కడతాం, మైకులు, క్యారల్స్, తెల్లవార్లూ సందడి. ఆ నిశ్శబ్దానికి మొదట నా గుండె బరువెక్కింది. అరగంటకు అలవాటైంది.

రాత్రి భోజనం రిబ్బె, అంటే పక్కటెముకలతో ఉన్న పంది మాంసం. తోలు మీద గళ్లు గళ్లుగా కోసి గంటల తరబడి ఓవెన్‌లో పెడతారు. ఆ తోలు అప్పడంలా పొంగి కరకరలాడాలి, అది పొంగుతుందా లేదా అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. పొంగింది. చాలా బాగుంది కానీ ఉప్పు, మిరియాలే కారం. నేను తీసుకెళ్లిన గోంగూర పచ్చడి పక్కన వేసుకున్నాను, ఇంటాయన రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. పశ్చిమ తీరంలో అయితే ఉప్పు వేసి ఎండబెట్టిన గొర్రె పక్కటెముకలు వండుతారట. శాకాహారులు మాత్రం ముందుగానే చెప్పాలి. పుల్ల క్యాబేజీ కూరలో కూడా పంది కొవ్వు ఉండొచ్చు. చెబితే విడిగా చేస్తారు. భోజనం కాగానే వండినవాళ్లకు "తక్ ఫోర్ మాతెన్", భోజనానికి థాంక్స్ అని ప్రతి ఒక్కరూ చెబుతారు, చిన్నపిల్లలతో సహా. ఆ రాత్రే ఫోన్‌లో మా అమ్మకు కూడా చెప్పాను, ఇరవై ఏళ్ల వంటకు.

తర్వాత చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతూ పాడారు, ఆ పైన బహుమతులు. ఒక్కొక్కటిగా విప్పుతారు, అందరూ చూస్తారు, రెండు గంటలు పట్టింది. నాకు మోర్‌మోర్ అల్లిన ఉన్ని మేజోళ్లు వచ్చాయి. నేను ఇచ్చింది మంగళగిరి చేనేత టేబుల్ క్లాత్, మర్నాడు పొద్దున్న బల్ల మీద అదే పరిచి ఉంది. ఉండటానికి డబ్బు తీసుకోరు, అడిగితే నొచ్చుకుంటారు. మన ఊరి వస్తువు ఒకటి తీసుకెళ్లండి, చాలు.

25, 26 తేదీల్లో దుకాణాలు మూసే ఉంటాయి, 24 మధ్యాహ్నం నుంచే రైళ్లు, బస్సులు పలచబడతాయి. మందులు, కావాల్సిన సరుకులు 23లోపే కొని పెట్టుకోవాలి. ఒంటరిగా హోటల్ తీసుకుని ఈ రెండు రోజులు గడపాలనుకుంటే నేను వద్దనే చెబుతాను. ఊరి వీధులు, రాగి కరిగించగా మిగిలిన చిట్టెం కుప్పలు మాత్రం ఎప్పుడైనా నడిచి చూడొచ్చు. మంచు మీద తోసుకుంటూ వెళ్లే స్పార్క్ అనే బండి మీద డెబ్బై ఆరేళ్ల మోర్‌మోర్ పొరుగింటికి వెళ్లి వచ్చింది. నన్ను ముందు సీటులో కూర్చోబెట్టి ఒకసారి చర్చి దాకా తోసింది.

27 నుంచి రెండు రాత్రులు వాళ్ల హిట్టెలో, అంటే కొండ మీది చెక్క ఇంట్లో ఉన్నాం. కుళాయి లేదు, తాగేనీళ్లు క్యాన్లలో మోసుకెళ్లాం, కడుక్కోవడానికి మంచు కరిగించాం. కట్టెల పొయ్యి. మరుగుదొడ్డి బయట, ఇరవై అడుగుల దూరం, మైనస్ 23లో. పిల్లలు స్కీ మీద పరుగులు పెడుతుంటే నేను పడుతూ లేస్తూ ఒక కిలోమీటరు వెళ్లాను. రాత్రి ఆకాశంలో అన్ని చుక్కలు నేను ఎన్నడూ చూడలేదు. రెండు రాత్రులు సరిగ్గా సరిపోతాయి, మూడోది నాకైతే కష్టమయ్యేది.

30న ఓస్లో వెళ్లాను, ఇద్దరు హైదరాబాద్ స్నేహితులతో న్యూ ఇయర్‌కు. ఈ ప్రయాణంలో తక్కువ మార్కులు దానికే. మేం ఆన్‌లైన్‌లో తీసుకున్న అపార్ట్‌మెంట్ తలుపు కోడ్ సమయానికి రాలేదు, ఫోన్ ఎత్తలేదు, ముప్పావుగంట చలిలో నిలబడ్డాం. లోపలికి వెళితే ఫోటోలో ఉన్న వంటగది లేదు, ఒక మైక్రోవేవ్ ఉంది. మూడు రాత్రులకు నా వాటా, రోరోస్ వారానికి అయిన మొత్తం ఖర్చు కంటే ఎక్కువ. నగరం తప్పు కాదు అది. ఒపేరా హౌస్ పైకప్పు మీద నడవడం, విగెలాండ్ పార్కులో మంచు కప్పుకున్న విగ్రహాలు బాగున్నాయి, రెండూ ఉచితం. జనవరి 1న మేం వెళ్లిన మ్యూజియం మూసి ఉంది. మళ్లీ వెళితే ఓస్లోను వేసవికి ఉంచుకుని, ఆ మూడు రోజులూ మోర్‌మోర్ ఇంట్లోనే ఉంటాను. ఉండమని ఆవిడ అడిగింది కూడా.

ఇక్కడ క్రిస్మస్ జనవరి 13తో ముగుస్తుంది. ఆ రోజు ట్రోండ్‌హైమ్‌లో చెట్టు తీసేయడానికి నన్ను పిలిచారు. ఏషియన్ షాపులో బియ్యప్పిండి, కొబ్బరిపాలు దొరికాయి, నువ్వులు నా దగ్గరే ఉన్నాయి. మోర్‌మోర్ తన అచ్చును కూతురితో పంపింది. నలభై పువ్వులు తీశాం. పది డబ్బాలో పెట్టి, మూత మీద తెలుగులో 'అమ్మమ్మకు' అని రాసి రోరోస్‌కు పోస్ట్ చేశాం.