అయిదు లీటర్ల వైన్ కిట్: బరంపురం వేడికి, కోరాపుట్ చలికి ఎంతవరకు పనికొస్తుంది?

ఇంట్లో పళ్ళతో వైన్ చేసుకోవడానికి ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరికే 5 లీటర్ల స్టార్టర్ కిట్ గురించి ఈ సమీక్ష. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ళు కొనేముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: పెట్టెలో కాగితం చెప్పినట్టు చేస్తే సరిపోతుందా? సరిపోదు. ఆ కాగితం 20–24 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకుని రాసింది. సరుకు మాత్రం మంచిదే. ఈస్టుకీ, రసం చిక్కదనం కొలిచే హైడ్రోమీటరుకీ, లోపలి గ్యాసును వదిలి బయటి గాలిని రానివ్వని ఎయిర్‌లాక్‌కీ పెట్టిన డబ్బు వృథా పోదు. కాలం చూసుకుని మొదలుపెట్టి, మరో రెండు మూడు వస్తువులు విడిగా కొనుక్కుంటే ఈ కిట్‌తో శుభ్రమైన వైన్ వస్తుంది.

ముందు చట్టం సంగతి. కిట్ ఇంటికి వచ్చినంత మాత్రాన వైన్ చేసుకోవచ్చని కాదు. ఒడిశాలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అందుకని పెట్టె విప్పకముందే మీ జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ ఆఫీసుకు వెళ్ళి అనుమతి సంగతి తేల్చుకోండి. తయారైన సీసా చుట్టాలకిద్దామని ఇచ్ఛాపురం సరిహద్దు దాటిస్తే అక్కడ ఆంధ్రా చట్టం వర్తిస్తుంది. అమ్మకం ఊసే వద్దు.

పెట్టెలో మామూలుగా 5 లీటర్ల ప్లాస్టిక్ జాడీ, చిల్లు ఉన్న మూత, ఎస్ ఆకారపు ఎయిర్‌లాక్, హైడ్రోమీటరు, సన్న గొట్టం, 5 గ్రాముల ఈస్టు పొట్లం, ఈస్టు పోషకం, రసాన్ని తేటపరచే పెక్టిన్ ఎంజైము, క్రిములను ఆపే పొటాషియం మెటాబైసల్ఫైట్ ఉంటాయి. రసం ఉండదు, పళ్ళు మనవే. ద్రాక్ష గుజ్జుతో వచ్చే 23 లీటర్ల పెద్ద కిట్లు వేరే ఉన్నాయి, 750 మి.లీ. సీసాలు ముప్ఫై నిండుతాయి. అవి ఎండాకాలంలో రోజుల తరబడి లారీల్లో, గోదాముల్లో పడి ఉంటే గుజ్జు రంగు మారి, మాడిన బెల్లం వాసన పడుతుంది. మన వైపు చేరేసరికి ఎలా ఉంటుందో చెప్పలేని దాని మీద అంత డబ్బు పెట్టమని సలహా ఇవ్వలేం. చిన్న కిట్టే నయం.

చిన్న కిట్‌లో పెద్ద లోటు జాడీ ఒక్కటే ఇవ్వడం. పళ్ళ గుజ్జు పులిసేటప్పుడు తొక్కలన్నీ నురగతో పైకి లేస్తాయి. నిండా పోసిన జాడీ అయితే ఆ గుజ్జు ఎయిర్‌లాక్‌లోకి ఎక్కి దాన్ని మూసేస్తుంది, లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగిరిపోతుంది. పైగా మడ్డి మీద నుంచి తేటను వంపుకోవడానికి రెండో పాత్ర ఉండాలి కదా. కాబట్టి మూత ఉన్న 10 లీటర్ల ఫుడ్‌గ్రేడ్ బకెట్ ఒకటి, గుజ్జు పిండడానికి పలచటి గుడ్డ సంచి ఒకటి, 0.01 గ్రాము దాకా తూచే చిన్న త్రాసు ఒకటి విడిగా కొనండి. త్రాసు లేకుండా మెటాబైసల్ఫైట్ జోలికి పోవద్దు. పొట్లాల మీద తూకం రాయకుండా ‘చిటికెడు’ అని రాసే కిట్లున్నాయి. అది చాలా పెద్ద తప్పు.

పెట్టె రాగానే చూడవలసింది మూత చిల్లులోని రబ్బరు వలయం. ఎక్కువ ఫిర్యాదులు దీనితోనే. ఎయిర్‌లాక్‌లో గీత దాకా నీళ్ళు పోసి, ఖాళీ జాడీకి మూత బిగించి, జాడీ పక్కలు నెమ్మదిగా అదమండి. ఎయిర్‌లాక్‌లో నీరు బయటి వైపుకు లేస్తుంది. అదిమి పట్టుకుని ఉండగానే అది మళ్ళీ దిగిపోతే గాలి ఎక్కడో కారుతోందన్నమాట. రబ్బరు వలయం తీసి, తడిపి, తిప్పి పెట్టండి, మూత అంచుకు ఫుడ్‌గ్రేడ్ సిలికాన్ రింగు వేయండి. ఇలా చూసుకోనివాళ్ళే మూడో రోజున ‘బుడగలు రావడం లేదు, ఈస్టు చచ్చిపోయింది’ అని రెండో పొట్లం వేస్తారు. ఈస్టు బాగానే ఉంటుంది, గ్యాసు మూత పక్క నుంచి పోతుంటుంది. పులియడం ఆగిందో లేదో చెప్పేది హైడ్రోమీటరే, బుడగలు కావు.

ఆ హైడ్రోమీటరుతో పాటు కొలపాత్ర చాలా కిట్లలో రాదు. 100 మి.లీ. పొడుగు గాజు గొట్టం తెచ్చుకోండి. రసం పోసి హైడ్రోమీటరును వేళ్ళతో ఒకసారి తిప్పి వదిలితే దానికి అంటుకున్న బుడగలు ఊడిపోతాయి. అది నిలిచాక కంటిని రసం మట్టానికి దించి చూడండి. గాజు అంచుల దగ్గర రసం కాస్త పైకి పాకి ఉంటుంది. ఆ పాకిన గీత కాదు, మధ్యలో సమంగా ఉన్న మట్టమే లెక్క. ఎక్కువ హైడ్రోమీటర్లు 20 డిగ్రీలకు సరిచేసినవి. మన గదిలో రసం 30 డిగ్రీలుంటే వచ్చిన అంకెకు 0.002 నుంచి 0.003 కలపాలి. ఈ మాట కిట్ కాగితంలో ఉండదు.

హైడ్రోమీటరు మంచినీటిలో 1.000 చూపుతుంది, తీపి పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. రసం మొదట్లో 1.085 ఉండి చివరికి 0.996కు దిగితే, తేడా 0.089ని 131తో హెచ్చిస్తే ఆల్కహాలు సుమారు 11.7 శాతం. లీటరు రసానికి 26 గ్రాముల పంచదార వేస్తే అంకె దాదాపు 0.010 పెరుగుతుంది. మహారాష్ట్ర నుంచి వచ్చే నల్లద్రాక్ష రసం 1.070 చూపిస్తే, 5 లీటర్లకు 200 గ్రాములు కలిపితే 1.085కు చేరుతుంది. 1.100 దాటించే ఆశ వద్దు. వేడిలో అంత తీపితో మొదలుపెడితే ఈస్టు మధ్యలోనే చతికిలబడుతుంది.

ఈస్టు పొట్లం మీద పేరు చూడండి. లాల్విన్ ఈసీ-1118 అయితే అది 10 నుంచి 30 డిగ్రీల వరకు పనిచేస్తుంది, 18 శాతం ఆల్కహాలు దాకా తట్టుకుంటుంది. అదే కంపెనీ కే1-వీ1116 రకం 35 డిగ్రీల దాకా లాగుతుంది కాబట్టి కోస్తా వైపు వాళ్ళకు అదే మేలు. పేరూ గడువు తేదీ లేకుండా తెల్ల పొట్లంలో పోసి పంపే ఈస్టును నమ్మొద్దు. 5 గ్రాముల ఈస్టును 50 మి.లీ. గోరువెచ్చని నీటిలో, అంటే 40 డిగ్రీల దగ్గర, చల్లి పావుగంట వదలాలి. ఆ నీటికీ రసానికీ వేడిలో 10 డిగ్రీల కన్నా తేడా ఉండకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి రసంలో పోస్తే చాలా ఈస్టు అక్కడికక్కడే చస్తుంది.

ఈ కిట్‌కు మన వైపు బాగా అమరే పండు నేరేడు. అది పండేది జూన్, జులైల్లో, అంటే ఉక్కపోతలో. అప్పుడే మొదలుపెట్టకండి. పండు కడిగి, తుడిచి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టేసి డిసెంబరులో తీయండి. గడ్డకట్టి కరిగిన పండు పగిలి, ఎక్కువ నలపకుండానే రంగూ రసమూ వదులుతుంది. 2 కిలోల పండు బకెట్‌లో వేసి చేత్తో నలపాలి. మిక్సీ వద్దు, గింజ నలిగితే చేదు దిగుతుంది, అది ఎన్ని నెలలున్నా పోదు. 900 గ్రాముల పంచదారను వేడినీటిలో కరిగించి, చల్లార్చి పోసి, నీటితో మొత్తం 5 లీటర్లకు తేవాలి. అంకె 1.085 రాకపోతే పంచదార సర్దాలి. పెక్టిన్ ఎంజైము అర చెంచా, మెటాబైసల్ఫైట్ పావు గ్రాము కలిపి, గుడ్డ కప్పి 24 గంటలు ఆగి, అప్పుడు ఈస్టు. ఆ ఒక్కరోజు ఆగకపోతే మెటాబైసల్ఫైట్ దెబ్బ ఈస్టుకే తగులుతుంది.

నీళ్ళు కలిపిన పళ్ళరసంలో ఈస్టుకు తిండి చాలదు. పోషకం 2 గ్రాములు ఈస్టు వేసిన మర్నాడు, ఇంకో 2 గ్రాములు అంకె 1.055 దగ్గరికి దిగినప్పుడు వేయాలి. వేయకపోతే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. వాసన మొదలైన రోజే పోషకం వేసి బాగా కలియబెడితే తగ్గుతుంది. వారం వదిలేస్తే వదలదు. పైకి తేలిన తొక్కలను రోజుకు రెండుసార్లు కిందికి నొక్కాలి. ఎండిపోయిన తొక్కల మీద పళ్ళ ఈగ వాలితే వైన్ కాస్తా వెనిగర్ అవుతుంది. నాలుగైదు రోజులకు సంచిలో పోసి, మెత్తగా పిండి, జాడీలోకి మెడదాకా నింపి ఎయిర్‌లాక్ పెట్టండి.

బోరు నీళ్ళలో ఇనుము ఉంటే నేరేడు వగరుతో కలిసి నల్లటి మసక పడుతుంది. క్యాను నీళ్ళు వాడండి. మున్సిపాలిటీ కుళాయి నీటిలోని క్లోరిన్ మందు వాసన తెస్తుంది. అదే కారణాన పాత్రలు కడగడానికి బ్లీచింగ్ పౌడరు పనికిరాదు. లీటరు నీటిలో 10 గ్రాముల మెటాబైసల్ఫైట్, చిటికెడు నిమ్మఉప్పు కలిపిన ద్రావణం చాలు. ఆ ఘాటు ఉబ్బసం ఉన్నవాళ్ళకు పడదు, కిటికీలు తీసి చేయండి. సీసా పళ్ళరసంతో చేద్దామనుకునేవాళ్ళు లేబుల్ మీద నిల్వ మందుల గుర్తులైన 211, 202 అంకెలు చూడండి. అవి ఉంటే ఈస్టు లేవదు.

ఇక వేడి. ఈ కిట్ మంచిచెడ్డలన్నీ ఇక్కడే తేలతాయి. 30 డిగ్రీలు దాటితే ఈస్టు పరుగెడుతుంది, నాలుగు రోజుల్లో పని ముగిస్తుంది, కానీ వైన్ గొంతులో మండుతుంది, గోళ్ళరంగు చెరిపే మందు లాంటి వాసన వేస్తుంది. వెడల్పాటి టబ్బులో జాడీ పెట్టి, సగం దాకా నీళ్ళు పోసి, మెడదాకా తడి నూలుగుడ్డ చుట్టి ఫ్యాను వేయడం అందరూ చెప్పే ఉపాయం. రాయగడ, గుణుపురం పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది, గుడ్డ ఆరేకొద్దీ జాడీ చల్లబడుతుంది. బరంపురం, గోపాలపురం వైపు సముద్రపు తేమకు గుడ్డ ఆరదు కాబట్టి లాభం తక్కువ. అక్కడ టబ్బులో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి గడ్డకట్టిన నీళ్ళ సీసాలు మార్చాల్సిందే. కోరాపుట్‌లో కథ తిరగబడుతుంది. డిసెంబరు రాత్రుల చలికి ఈస్టు మగతగా పడిపోతుంది. జాడీని గచ్చు మీద కాకుండా చెక్క మీద పెట్టి, కంబళి చుట్టి, వంటింటి పక్క గదిలో ఉంచితే చాలు. ఏడాదిలో ఏ అవస్థా లేకుండా చేసుకోగలిగేది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. కోస్తా వాళ్ళు ఆ మూడు నెలలకే కిట్ తీయడం ఉత్తమం.

హైడ్రోమీటరు వరసగా మూడు రోజులు ఒకే అంకె, 0.998 కన్నా తక్కువ, చూపితే పులియడం అయిపోయినట్టు. గొట్టాన్ని మడ్డికి రెండు వేళ్ళు పైన ఉంచి, చప్పుడు కాకుండా బకెట్‌లోకి వంపండి, జాడీ కడిగి తిరిగి నింపండి. పావు గ్రాము మెటాబైసల్ఫైట్ వేయండి. తర్వాత గరిటె కాడతో రోజుకు అయిదు నిమిషాల చొప్పున రెండు మూడు రోజులు తిప్పి లోపలి గ్యాసు పోగొట్టాలి. గ్యాసు మిగిలితే మడ్డి దిగదు, ఎన్ని మందులు వేసినా మసకే. తేటపరచే మందుగా కొన్ని కిట్లలో కైటోసాన్ ఇస్తారు. అది రొయ్య, పీత పెంకుల నుంచి తీసింది. శాకాహారులు, పీతలు పడనివాళ్ళు దాన్ని పక్కన పెట్టి బెంటోనైట్ వాడుకోవచ్చు, బెంటోనైట్ అంటే మట్టే.

తీపి కావాలని సీసాల్లో పోసేముందు పంచదార కలిపేవాళ్ళు పొటాషియం సార్బేట్ 1 గ్రాము తప్పక వేయాలి. ఎక్కువ కిట్లలో ఇది ఉండదు, విడిగా తెప్పించండి. లేకపోతే మిగిలిన ఈస్టు మళ్ళీ లేచి, మార్చి ఎండలకు సీసాలు పగులుతాయి. గాజుముక్కలు కళ్ళకు తగిలే ప్రమాదం ఉంది, పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. సార్బేట్ ఒక్కటే వేసి మెటాబైసల్ఫైట్ మానేసినా కుదరదు, బ్యాక్టీరియా దాన్ని తిని జెరేనియం ఆకు నలిపిన వాసన తెస్తుంది, ఆ వైన్ పారబోయడమే. కొన్ని కిట్లలో బెరడు బిరడాలిచ్చి, వాటిని దించే యంత్రం ఇవ్వరు. చేత్తో కొడితే సగానికే దిగుతాయి. మరమూత సీసాలు కడిగి వాడుకోండి, నిలబెట్టి, మంచం కిందో బియ్యపు డ్రమ్ము వెనకో చీకట్లో పెట్టండి. నేరేడు వగరు తగ్గడానికి ఆరు నెలలు పడుతుంది.