పాస్‌వర్డ్ కొడితే మళ్ళీ పాస్‌వర్డే అడిగింది: బ్రాడీపేట మేడమీది రిపేరు షాపు

ముందే చెప్పేస్తాను, ఈ షాపుకి బోర్డు లేదు. గుంటూరు బ్రాడీపేటలో కింద జిరాక్స్, మేడమీద కంప్యూటర్ రిపేరు. మెట్ల పక్క గోడ మీద సుద్దముక్కతో గీసిన బాణం గుర్తే అడ్రసు. నేను మానిటరు కూడా ఆటోలో వేసుకుపోయాను. అక్కర్లేదట, సీపీయూ ఒక్కటి చాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నుంచే కేకేస్తే కుర్రాడు దిగొచ్చి పట్టుకెళతాడు. ఆ సంగతి నాకు మెట్లన్నీ ఎక్కాక తెలిసింది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇంట్లో ఉన్నది మూడో తరం ఐ3 మిషను, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ డిస్కు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోతుందని, విండోస్ 11కి ఈ పాతది అర్హత లేదని, దసరాకి వచ్చిన మా అక్క కొడుకు విండోస్ తీసేసి దాని బదులు లినక్స్ మింట్ 22.2 వేసిచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. మూడు నెలలు ఏ గొడవా లేదు. తెలుగు టైపింగు, పరీక్ష పేపర్లు, స్క్రీన్ రికార్డు చేసి పిల్లలకి పంపే పాఠాలు, అన్నీ దాంట్లోనే.

సరిగ్గా ప్రీఫైనల్ పేపర్లు ఇవ్వాల్సిన వారంలో మొరాయించింది. మిషను లేస్తుంది, పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడితే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ అదే పాస్‌వర్డ్ పెట్టె. తప్పు కొడితే తప్పని చెబుతోంది, ఒప్పు కొడితే మాట్లాడకుండా గుమ్మంలోకి తోసేస్తోంది.

మొదట ఇంటికి దగ్గర్లో ఉన్న వేరే షాపుకి తీసుకెళ్ళాను. రెండు నిమిషాలు చూసి "గ్రాఫిక్స్ పోయింది, ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేద్దాం, 1,500 అవుద్ది, డేటాకి మా పూచీ లేదు" అన్నారు. పేపర్లు అందులోనే ఉన్నాయయ్యా అంటే, బ్యాకప్ పెట్టుకోవాలి కదా మేడమ్ అని నాకే క్లాసు.

మేడమీది ఆయన అడిగిన మొదటి ప్రశ్న వేరు. "పాస్‌వర్డ్ అడిగే తెర బొమ్మలతో, మౌసుతో సహా బాగానే వస్తోందా?" వస్తోందన్నాను. "అయితే గ్రాఫిక్స్ కార్డు బతికే ఉంది మేడమ్. ఆ తెర గీసింది కూడా అదేగా." ఇంత చిన్న తర్కం ఫిజిక్స్ చెప్పే నాకు తట్టలేదు!

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కమన్నారు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. పేరు కొట్టి పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడలేదు. కీబోర్డు కూడా పోయిందనుకున్నాను. అక్కడ అంతేనట, కనపడకపోయినా కొట్టి ఎంటర్ నొక్కాలి. లోపలికెళ్ళాక "డీఎఫ్, ఖాళీ, హైఫన్, హెచ్" అని ఒక్క ముక్క కొట్టించారు. డిస్కు వాడకం 100 శాతం, మిగిలింది సున్నా. డెస్క్‌టాప్ తెరుచుకునేటప్పుడు నా ఫోల్డర్లో ఒకటి రెండు చిన్న ఫైళ్ళు రాసుకుంటుందట. రాసుకునే చోటు లేక వెనక్కి తిరిగొస్తోంది.

మరి మిషను ఎలా లేస్తోంది? డిస్కులో ఫైళ్ళు సర్దే ఎక్స్‌టీ4 అనే పద్ధతిలో మామూలుగా 5 శాతం జాగా రూట్ కోసం, అంటే సిస్టమ్ సొంత ఖాతా కోసం, పక్కన పెట్టి ఉంటుందన్నారు. హాస్టల్లో మంచాలన్నీ నిండినా వార్డెన్ గది ఖాళీగా ఉన్నట్టు. ఈసారి నాకు వెంటనే ఎక్కింది.

నిండినదెక్కడ అని వెతికితే దొంగ నేనే. టైమ్‌షిఫ్ట్ అని మింట్‌లో ఒకటుంటుంది, సిస్టమ్ చెడితే నిన్నటి స్థితికి తీసుకెళ్ళడానికి. మామూలుగా అది మన సొంత ఫైళ్ళ జోలికి రాదు. మంచిదే కదా అని నేనే వాటిని కూడా కలుపుకోమని టిక్కు పెట్టాను. దాంతో నా వీడియో పాఠాలన్నిటికీ అదే డిస్కులో ఇంకో కాపీ. అది తీసిపెట్టుకునే ఈ కాపీలే, అదే స్నాప్‌షాట్లే, 61 జీబీ! పోయిన వారం జాగా తక్కువుందని హెచ్చరిక వస్తే పాత పాఠాలు చెరిపేశాను కూడా. అవి చెత్తబుట్టలో 18 జీబీ అలాగే కూర్చున్నాయి, స్నాప్‌షాట్లలో ఇంకో జత. ముందు రాత్రి రికార్డు చేసిన కెపాసిటర్ల పాఠం మిగిలిన కాస్తా నింపేసింది.

స్నాప్‌షాట్లు ఒక్కొక్కటే తీయించారు. చేత్తో ఫోల్డర్లు చెరపనివ్వలేదు, టైమ్‌షిఫ్ట్ కమాండుతోనే తీయాలన్నారు. పావుగంట పట్టింది. చెత్తబుట్ట ఖాళీ చేయించి, లైట్‌డీఎం అనే లాగిన్ సర్వీసుని మళ్ళీ స్టార్ట్ చేయించారు. మిషను ఆపి వేయను కూడా లేదు. పాస్‌వర్డ్ కొట్టాను, నా పచ్చ డెస్క్‌టాప్ వచ్చేసింది. పేపర్లు ఉన్నచోటే ఉన్నాయి.

మొత్తం నలభై నిమిషాలు, 300 రూపాయలు. ఆ కుర్చీలో నన్నే కూర్చోబెట్టి నాతోనే కొట్టించారు, కమాండ్లు పాత కరెంటు బిల్లు వెనక రాసిచ్చారు. ఆయన అక్షరాలు మాత్రం మా ఫ్యామిలీ డాక్టరు చీటీ కంటే ఘోరం, ఇంటికొచ్చి మళ్ళీ రాసుకున్నాను. వెళ్ళేముందు టైమ్‌షిఫ్ట్‌ని వారానికోటి, రెండే ఉంచేట్టు మార్చి, నా ఫైళ్ళ టిక్కు తీయించారు. అదే డిస్కులో ఉన్నది బ్యాకప్ కాదని, డిస్కు పోతే రెండూ పోతాయని, పాఠాలు బయటి హార్డ్ డిస్కులో పెట్టుకోమని చెప్పారు. ఒకటి ఇవ్వండి అంటే తన దగ్గర అమ్మకాలు లేవన్నారు.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, ఫోన్ ఎత్తరు. అడిగితే తప్ప బిల్లు ఇవ్వరు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా భోజనం, నిద్ర. నేను రెండూ పదికి వెళ్ళి జిరాక్స్ షాపు స్టూలు మీద గంటన్నర పైనే కూర్చున్నాను. పైన ఫ్యాను కూడా మోతే.

సాయంత్రం మా వాడు ఫోన్ చేసి "పిన్నీ, ఏం చేశారు?" అన్నాడు. ఎఫ్3 నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ టిక్కు పెట్టొద్దని చెప్పడం మర్చిపోయా" అన్నాడు.