నిమ్ పెట్టె: ఇద్దరికి సరే, ముగ్గురికి?
చెక్క బిళ్ళలు నునుపుగా, చేతికి నిండుగా ఉన్నాయి. మూత మాత్రం వదులు. నిమ్ అంటే వంతు వచ్చినవారు ఏదో ఒక్క కుప్పలోంచి కనీసం ఒకటి, కావాలంటే ఎన్నైనా బిళ్ళలు తీసే ఆట. 3, 5, 7 బిళ్ళల కుప్పలతో ఇద్దరు ఆడే ఈ ఆట గుట్టును 1901లోనే గణితవేత్త బౌటన్ విప్పేశాడు. మొదటివారు ఏదో ఒక కుప్పలోంచి ఒక్క బిళ్ళ తీసి, ఆపైన తప్పు చేయకపోతే గెలుపు వారిదే. మా అమ్మాయి ఇట్టే పట్టేసింది.

పెట్టె మీద మాత్రం ‘నలుగురి వరకూ’ అని వేశారు! చివరి బిళ్ళ తీసినవారే విజేత అన్నది తప్ప నియమాల కాగితంలో మరో ముక్క లేదు. ముగ్గురు ఆడుతుండగా 1, 2 బిళ్ళల కుప్పలు మిగిలాయనుకోండి. వంతు వచ్చినవారు ఎలాగూ గెలవలేరు. కానీ రెండు బిళ్ళల కుప్పలోంచి ఒకటి తీస్తే గెలుపు మూడోవారిది; మరేం తీసినా రెండోవారికి దారి తెరిచినట్టే. మా ఇంట్లో అలకలన్నీ అక్కడే. 1978లో లీ అనే గణితవేత్త చేసినట్టు ఓడినవారికీ వరుస స్థానాలు నిర్ణయిస్తే ఆట మళ్ళీ లెక్కకు లొంగుతుంది. ఆ ఒక్క వాక్యం అచ్చువేయడానికి ఎంత ఖర్చవుతుందట? అయిదుకు మూడు నక్షత్రాలు.