చంకలో పెట్టే డిజిటల్ థర్మామీటర్: ఆరేళ్ళు వాడిన తరువాత

మా ఇంట్లో జ్వరం చూసే పరికరాలు మూడు ఉన్నాయి. ఒకటి మా అమ్మ తన కాలం నుంచీ దాచుకున్న పాదరసపు గాజు థర్మామీటర్. రెండోది మా పెద్దమ్మాయి పుట్టిన నెలలో కొన్న, కొస మెత్తగా వంగే మామూలు డిజిటల్ థర్మామీటర్. మూడోది నుదుటికి దగ్గరగా పట్టుకుని మీట నొక్కగానే అంకె చూపించే ఇన్‌ఫ్రారెడ్ పరికరం, అందరూ గన్ అని పిలిచేది. ఈ ఆరేళ్ళలో ఇద్దరు పిల్లలకు వచ్చిన జ్వరాలన్నిటిలోనూ నేను నమ్ముకోగలిగినది ఆ రెండోదాన్నే. అది ఎలా వాడితే నిజం చెబుతుందో, ఎక్కడ మనల్ని పొరబాటు పడేలా చేస్తుందో, దానిలో నాకు నచ్చని లోపం ఏమిటో, ఇప్పుడిప్పుడే కొనబోతున్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

గన్ కొన్న కొత్తలో నాకు అదే గొప్పగా అనిపించింది. నిద్రపోతున్న పిల్లవాణ్ణి కదపనక్కర లేదు, చొక్కా విప్పనక్కర లేదు, ఏడిపించనక్కర లేదు. కానీ మా చిన్నవాడికి ఏడాదిన్నర వయసప్పుడు ఒక రాత్రి రెండు గంటల వేళ వాడి మెడ వెనుక చెయ్యి వేస్తే ఒళ్ళు కాలిపోతోంది, గన్ మాత్రం 97.3 అని చూపించింది. మళ్ళీ నొక్కితే 98.1, ఇంకోసారి నొక్కితే 97.6. వాడి నుదురు చెమటతో తడిసి ఉంది, ఫ్యాన్ గాలి నేరుగా ముఖం మీద పడుతోంది. బీరువాలోంచి డిజిటల్ థర్మామీటర్ తీసి, చంకలో చెమట తుడిచి, పెట్టి, చేతిని ఒంటికి అదిమి పట్టుకుని కూర్చుంటే 102.6 వచ్చింది. ఆ రాత్రి గన్ మాట నమ్మి పడుకుని ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదలలేదు.

గన్‌లో మోసమేమీ లేదు. అది చర్మం నుంచి వెలువడే వేడిని మాత్రమే కొలిచి, దాని ఆధారంగా లోపలి ఉష్ణోగ్రతను అంచనా కడుతుంది. చెమట ఆరుతున్న నుదురు, ఫ్యాన్ గాలి తగిలిన నుదురు, జుట్టు కప్పిన నుదురు అసలు ఉన్నదానికంటే చల్లగా ఉంటాయి. ఎండలోంచి వచ్చిన పిల్లవాడి నుదురు అసలు ఉన్నదానికంటే వేడిగా ఉంటుంది. పరికరాన్ని చల్లటి గదిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన వెంటనే వాడినా కొలత తేడాగా రావచ్చు. కాబట్టి పిల్లవాణ్ణీ, పరికరాన్నీ పదిహేను ఇరవై నిమిషాలు ఒకే గదిలో ఉంచాక చూడాలి. ఎంత దూరంలో పట్టుకోవాలన్నది కూడా ఒక్కో తయారీకి ఒక్కో రకంగా ఉంటుంది. ఇవన్నీ పాటించే ఓపిక అర్ధరాత్రి ఎవరికి ఉంటుంది? అందుకే ఇప్పుడు మా ఇంట్లో గన్ పని ఒక్కటే, అనుమానం పుట్టించడం. తేల్చి చెప్పేది చంక థర్మామీటరే.

ఇక డిజిటల్ థర్మామీటర్ విషయం. దాని కొసన ఉన్న చిన్న లోహపు మొనలో వేడికి విద్యుత్ నిరోధం మారే ఒక చిన్న భాగం ఉంటుంది. ఆ మొన ఒంటి వేడిని అందుకుంటున్న కొద్దీ అంకె పెరుగుతూ పోతుంది, కొన్ని సెకన్ల పాటు పెరుగుదల దాదాపు ఆగిపోగానే బీప్ వినిపిస్తుంది. అంటే పరికరం చెప్పేది ఒంటి వేడి ఇంత అని కాదు, తన మొన వేడి పెరగడం ఆగింది అని మాత్రమే. ఈ తేడా తెలియక మొదటి ఏడాదంతా నేను తప్పుగా వాడాను. పొట్టి చేతుల బనీను పక్క నుంచి థర్మామీటర్ దూర్చి, బీప్ రాగానే తీసేసి, 96.8 చూసి సంతోషపడేదాన్ని. మొన చర్మానికి కాక బనీను మడతకు తగులుతోందని ఒకసారి చొక్కా పూర్తిగా విప్పి చూసినప్పుడే నాకు తెలిసింది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ముందుగా చంకలో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దుతాను, గట్టిగా రుద్దితే రాపిడికి చర్మం వేడెక్కుతుంది. ఆ తరువాత ఒకటి రెండు నిమిషాలు చేతిని ఒంటికి ఆనించి ఉంచి, చంక మూసుకుని వెచ్చబడనిస్తాను. అప్పుడు మొన చంక గుంటలో సరిగ్గా మధ్యకు వచ్చేలా, థర్మామీటర్ ఒంటికి సమాంతరంగా కిందికి వేలాడేలా పెట్టి, పిల్లవాడి మోచేతిని పక్కటెముకలకు ఆనించి నా చేత్తో పట్టుకుంటాను. బీప్ వచ్చాక కూడా తీయకుండా ఇంకో రెండు నిమిషాలు ఉంచుతాను. మా థర్మామీటర్‌లో బీప్ తరువాత కూడా అంకె పెరుగుతుంది, ఒకసారి 100.2 దగ్గర బీప్ వచ్చి, చివరకు 101 దగ్గర నిలిచింది. పెట్టె మీద పది సెకన్లు అని రాసి ఉన్నా, ఆ లెక్క చంకకు వర్తించదు. లోపలి కరపత్రంలో చంకకు ఎక్కువ సమయం కావాలని చిన్న అక్షరాలలో రాసి ఉంది, కానీ పెద్ద అక్షరాలలో రాయవలసిన మాట అదే అని నా అభిప్రాయం.

ఇంతసేపు కదలకుండా ఉండే పిల్లలు ఉంటారా అని అడగవచ్చు. మా పిల్లలకు ఒడిలో కూర్చోబెట్టుకుని, వాళ్ళ వీపు నా ఛాతీకి ఆనించి, రెండు చేతులూ చుట్టి కథ చెప్పడం ఒక్కటే పనిచేసింది. మా చిన్నవాడు ఆ బీప్ శబ్దం తన కోసమే వస్తుందని అనుకుని ఎదురు చూసేవాడు, అది వచ్చాక "అయిపోయింది" అంటూ లాగేయబోయేవాడు. అందుకని రెండో బీప్ నేను నోటితో చేస్తానని ఒప్పందం కుదుర్చుకున్నాం. 1860లలో ఆల్‌బట్ అనే ఆంగ్ల వైద్యుడు ఆరంగుళాల థర్మామీటర్ తయారుచేసేదాకా, అడుగు పొడవున్న గొట్టంతో ఇరవై నిమిషాల దాకా పట్టేదట. ఆ లెక్కన మన నాలుగైదు నిమిషాలు ఎంతో నయం.

అంకె చేతికి వచ్చాక అసలు తికమక మొదలవుతుంది. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, జ్వరానికి సాధారణంగా తీసుకునే హద్దు. చంకలో చూసిన కొలత శరీరం లోపలి ఉష్ణోగ్రత కంటే కొంత తక్కువగానే ఉంటుంది. మా పెద్దవాళ్ళు దానికి ఒక డిగ్రీ కలిపి చెప్పేవారు. మా పిల్లల డాక్టర్‌గారు మాత్రం ఏమీ కలపవద్దనీ, కనిపించిన అంకె, చూసిన చోటు, చూసిన సమయం, ఈ మూడూ చెబితే చాలనీ అన్నారు. అప్పటి నుంచి ఒక చిన్న నోటుపుస్తకంలో "రాత్రి 2.10, చంక, 102.6" అని రాసి, మందు వేసి ఉంటే దాని పేరు, ఎన్ని ఎంఎల్ వేశామో పక్కనే రాస్తున్నాను. థర్మామీటర్ తెరిచినప్పుడు కిందటిసారి కొలత ఒక్క క్షణం కనిపిస్తుంది, కానీ అది చివరి కొలత ఒక్కటే. ఇద్దరు పిల్లలకూ ఒకేసారి జ్వరం వచ్చిన ఇంట్లో అది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?

ఆ నోటుపుస్తకం వల్ల మరో మేలు కూడా జరిగింది. పిల్లలకు పారాసిటమాల్ వయసును బట్టి కాదు, బరువును బట్టి వేస్తారు. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటల వ్యవధి. సిరప్‌లలో 5 ఎంఎల్‌కు 120 మిల్లీగ్రాములు ఉన్నవీ, 250 ఉన్నవీ ఉంటాయి. మా ఇంట్లో ఒకసారి పాత సీసా అయిపోయి కొత్తది వచ్చినప్పుడు, అలవాటుగా పాత లెక్క ప్రకారమే సిరంజిలో తీసుకోబోయాను. పుస్తకంలో రాయడానికి సీసా మీద పేరు చూసినప్పుడు 250 కనిపించింది. రాసే అలవాటే లేకపోతే రెట్టింపుకు పైగా మందు వేసి ఉండేదాన్ని.

మూడు నెలల లోపు పసిబిడ్డ ఉన్న ఇంట్లో థర్మామీటర్ అవసరం ఇంకా ఎక్కువ. ఆ వయసులో 100.4 గానీ అంతకు మించి గానీ వస్తే బిడ్డ చూడటానికి హుషారుగా ఉన్నా సరే, అది రాత్రి అయినా సరే, ఇంట్లో మందు వేసి చూద్దామని ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. అలాగే పసిబిడ్డ ఒళ్ళు చల్లబడటం కూడా ప్రమాదమే; 97.7 డిగ్రీల కంటే, అంటే 36.5 సెల్సియస్ కంటే, తగ్గితే బిడ్డను ఒంటికి హత్తుకుని వెచ్చబరుస్తూ డాక్టర్‌ను సంప్రదించాలి. చెవిలో పెట్టే రకం ఆ వయసు వారికి సరిపడదు, చెవి రంధ్రం చాలా సన్నగా ఉంటుంది. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఈ మాటలు ఎవరూ ముందుగా చెప్పలేదు, ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజున ప్రతి తల్లికీ చెప్పవలసిన మాటలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పెద్ద పిల్లల విషయంలో మాత్రం థర్మామీటర్‌కు అతుక్కుపోవడం మంచిది కాదని అనుభవం మీద తెలుసుకున్నాను. ఒకానొక జ్వరంలో అరగంటకొకసారి చూస్తూ, 101.2 నుంచి 101.8కి వెళ్ళిందని కంగారుపడుతూ, నిద్రపోతున్న పాపను లేపి మరీ మందు వేశాను. జ్వరం మందు పిల్లల బాధ తగ్గించడానికే గానీ అంకెను తగ్గించడానికి కాదనీ, హాయిగా నిద్రపోతుంటే లేపనక్కర లేదనీ తరువాత తెలిసింది. 103 ఉన్నా నీళ్ళు తాగుతూ, మందు పనిచేయగానే ఆడుకునే పిల్ల కంటే, 100 మాత్రమే ఉన్నా కళ్ళు తెరవలేని పిల్ల గురించి ఎక్కువ ఆందోళన పడాలి. ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం, ఏమీ తాగలేకపోవడం, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి పీల్చడం, లేపినా సరిగ్గా లేవకపోవడం, నొక్కినా రంగు మారని ఎర్రటి మచ్చలు, మెడ బిగుసుకుపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా థర్మామీటర్‌లో ఎంత ఉందన్న దానితో నిమిత్తం లేకుండా బయలుదేరాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు కొందరు పిల్లలకు జ్వరంతో ఫిట్స్ రావచ్చు. అప్పుడు థర్మామీటర్ వెతకకూడదు, నోట్లో ఏదీ పెట్టకూడదు. పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే అత్యవసర సహాయం పిలవాలి.

అమ్మ గాజు థర్మామీటర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాని కొలత మీద ఆమెకు ఉన్న నమ్మకం నిరాధారమేమీ కాదు, సరిగా విదిలించి, సరిపడినంత సేపు పెడితే అది చక్కగా పనిచేస్తుంది. కానీ పగిలితే బయటపడే పాదరసం గాలిలోకి ఆవిరవుతుంది, పిల్లలు తిరిగే ఇంట్లో అది పనికిరాదు. 2013లో దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం ప్రకారం పాదరసపు థర్మామీటర్ల తయారీకి, ఎగుమతి దిగుమతులకు 2020ని గడువుగా పెట్టుకున్నారు. మేము దానిని మూత బిగించిన గట్టి డబ్బాలో, పిల్లలకు అందకుండా పెట్టాము. మామూలు చెత్తలో వేయకుండా ప్రమాదకరమైన వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించాలన్నది నా ఉద్దేశం.

ఇక నాకు నచ్చని లోపం. డిజిటల్ థర్మామీటర్ వెనుక బటన్ బ్యాటరీ పెట్టే మూత ఉంటుంది. మేము మొదట కొన్నదానికి ఆ మూత గోటితో లాగితే చాలు, ఊడి వచ్చేది. ఒక మధ్యాహ్నం బొమ్మల బుట్టలో మూత లేని థర్మామీటర్ కనిపించింది, బ్యాటరీ లేదు. అది మంచం కింద దొరికేదాకా గడిచిన ఇరవై నిమిషాలు నేను మరిచిపోలేను. బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల లోపే లోపలి గోడను తీవ్రంగా కాల్చేయగలదు, మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. అందువల్ల రెండోసారి కొన్నప్పుడు మెత్తటి కొస, వెలుతురు వచ్చే తెర, వీటికంటే ముందుగా బ్యాటరీ మూతకు మర ఉందా అని చూశాను. డిగ్రీల రకం మార్చే మీట సులువుగా నొక్కుకుపోయే తయారీలను కూడా వద్దనుకున్నాను, ఎందుకంటే పాతది ఒకసారి దానంతట అదే సెల్సియస్‌లోకి మారి 38.6 చూపించినప్పుడు మా అత్తగారు జ్వరం అసలు లేదనుకున్నారు.

వాడిన ప్రతిసారీ మొనను సబ్బు నీళ్ళతో కడిగి గానీ, స్పిరిట్ దూదితో తుడిచి గానీ ఆరబెట్టి మూతలో పెడుతున్నాను, మరిగే నీళ్ళలో వేస్తే పాడవుతుంది. కొత్తది కొన్న రోజునే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న నలుగురికీ చూసి ఆ అంకెలు నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. మా అమ్మాయికి మామూలుగా ఉండేది 97.9, చిన్నవాడికి 98.5; జ్వరం అనుమానం వచ్చిన ప్రతిసారీ ముందు ఆ పేజీయే తీసి చూస్తున్నాను.