లోతు మీటరుకీ లాప్‌టాప్‌కీ మధ్య ఒక చిన్న పెట్టె: మూడేళ్ల వాడకం తర్వాత

నా డబ్బు వృథా అయింది ఈ పెట్టె మీద కాదు, దీనికి ముందు విజయవాడ గవర్నర్‌పేటలో మూడు వందల యాభై పెట్టి కొన్న మామూలు యూఎస్‌బీ సీరియల్ కేబుల్ మీద.

మా బావకి భవానీ ద్వీపం వైపు తిరిగే లాంచీ ఉంది. 2022 వేసవిలో దానికి ఎకో సౌండర్ (శబ్దంతో నీటి లోతు కొలిచే మీటరు), జీపీఎస్ పెట్టించాడు. రెండూ ఎన్‌ఎంఈఏ 0183 రకమే, అంటే పడవ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. వాటిని నా పాత లాప్‌టాప్‌కి కలిపి ఓపెన్‌సీపీఎన్ అనే పడవ చార్టుల సాఫ్ట్‌వేర్‌లో చూడాలని నాకు సరదా పుట్టింది.

సౌండర్ నుంచి సిగ్నల్ ఏ, బీ అని రెండు వైర్ల మీద ఆర్‌ఎస్ 422 అనే పద్ధతిలో వస్తుంది. ఆ కేబుల్‌కి తెలిసింది ఆర్‌ఎస్ 232 అనే వేరే పద్ధతి. అయినా ఏ వైరుని రెండో పిన్నుకీ, ఎర్తుని ఐదో పిన్నుకీ కలిపి, వేగం 4800 బాడ్ పెడితే అంకెలు వచ్చేశాయి. ఆ సంబరం ఇంజన్ సెల్ఫ్ కొట్టేదాకే. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ లాప్‌టాప్‌లో కామ్ పోర్టు (ఆ కేబుల్ కనెక్షన్) మాయం. లాప్‌టాప్ చార్జర్ పీకేసి చూస్తే ఏ గొడవా లేదు. చార్జరూ, సౌండరూ ఒకే బ్యాటరీ మీద ఉండటంతో సెల్ఫ్ మోటారు కుదుపంతా ఆ కేబుల్ ఎర్తులోంచి పోతోందన్నమాట.

అప్పుడు కొన్నదే ఈ ఆప్టో ఐసొలేషన్ ఉన్న కన్వర్టర్, సుమారు నాలుగు వేలు. లోపల సిగ్నల్ వెలుతురు రూపంలో దాటుతుంది, అటూ ఇటూ వైరు తగలదు. మూడేళ్లలో సెల్ఫ్ వల్ల ఒక్కసారి కూడా తెగలేదు. ఏ, బీ తారుమారు చేస్తే చెత్త అక్షరాలొస్తాయి, మార్చి బిగిస్తే సరి. జీపీఎస్ వైర్లు కూడా దీనికే ముడేశాను, అది నా తెలివితక్కువతనం. ఒక లైను మీద ఒక్కరే మాట్లాడాలి. రెండు లైన్లని ఒకటిగా కలిపే మల్టీప్లెక్సర్ ఖరీదనిపించి ఇలాంటిదే ఇంకోటి కొన్నాను.

జీపీఎస్ తగిలించి ఉండగా లాప్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ దాన్ని సీరియల్ మౌస్ అనుకుంటుంది. బాణం తెరంతా పరిగెత్తి, కనిపించినవన్నీ నొక్కేస్తుంది. దెయ్యం పట్టిందన్నాడు మా సరంగు. డివైస్ మేనేజర్‌లో ఆ మౌస్‌ని డిసేబుల్ చేస్తే వదిలింది.

సరంగుతో అసలు తగాదా లోతు దగ్గర. గెడ వేసి, "బాబూ, ఇక్కడ బారన్నర నీళ్లున్నాయి, నీ పెట్టె అడుగున్నర తక్కువ చెప్తోంది" అన్నాడు. ఆయన మాట నిజమే. సౌండర్ పంపే డీబీటీ అనే వాక్యం (సందేశం) ట్రాన్స్‌డ్యూసర్ (నీటిలో ఉండే దాని సెన్సర్) కింది లోతే చెప్తుంది. మాది నీటి మట్టానికి అడుగున్నర కింద ఉంది. సౌండర్‌లో ఆ అడుగున్నరని ఆఫ్‌సెట్‌గా పెడితే, దాన్ని డీపీటీ అనే ఇంకో వాక్యం మోసుకొస్తుంది. గెడ లేకపోతే ఆ తేడా నాకు తెలిసేదే కాదు.

ఓపెన్‌సీపీఎన్ ఉచితం, బాగుంది కూడా. కానీ అది సముద్రం వాళ్ల సరుకు. మన కృష్ణకి పనికొచ్చే చార్టు నాకు దొరకలేదు. అందుకని వచ్చిన డేటా దాచే వీడీఆర్ ప్లగిన్‌తో ప్రతి ట్రిప్పూ రికార్డు చేసి, ఎక్కడెంత లోతో నేనే రాసుకున్నాను. మొదటి ఆరు నెలల రికార్డు పనికిరాలేదు, ఎందుకంటే ఆ రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతో రాయలేదు. 12 అడుగులున్న రోజు లోతూ, 9 అడుగులున్న రోజు లోతూ ఒకటెలా అవుతాయి? తర్వాత నుంచి మట్టం కూడా రాశాను. 2024 సెప్టెంబరు వరద, 11 లక్షల క్యూసెక్కులు పైబడి వచ్చింది, అది తగ్గాక చూస్తే నేను తొమ్మిది అడుగులని రాసుకున్న చోట ఇసుక మేట వేసి నాలుగే ఉంది. మళ్లీ మొదటి నుంచి మొదలు.

ఇన్వర్టర్ మీద లాప్‌టాప్ నడిపితే సౌండర్‌లో లేనిపోని లోతులొచ్చేవి, 12 వోల్టుల కారు చార్జర్‌కి మారాక తగ్గాయి. రోహిణి కార్తె ఎండకి లాప్‌టాప్ రెండుసార్లు ఆగిపోయింది, పెట్టె మాత్రం ఆగలేదు. దాని మీద నా ఫిర్యాదు ఒకటే: ఇంజన్ అదురుకి యూఎస్‌బీ సాకెట్ వదులైంది. ప్రస్తుతం రబ్బరు బ్యాండు వేసి నడిపిస్తున్నాను.